వంపు తిరిగిన పంక్తి: ఒక పనితనం చరిత్ర

లిపి పరిణామాన్ని గురించి మన పాఠ్యగ్రంథాలు చాలానే చెబుతాయి. బ్రాహ్మి నుంచి తెలుగు-కన్నడ లిపి, అందులోంచి తెలుగు లిపి ఎలా విడివడ్డాయో ఎం.ఏ. విద్యార్థి పట్టికలు గీసి మరీ అప్పజెబుతాడు. అయితే అక్షరం ఆకారానికి ఒక చరిత్ర ఉన్నట్టే, అక్షరాలు బారుతీరిన పంక్తికీ ఒక చరిత్ర ఉంది. ఆ పంక్తి ఎప్పుడు తిన్నగా సాగింది, ఎప్పుడు వంగింది, దాన్ని వంచిన చేతులు ఎవరివి అన్న ప్రశ్నలు మాత్రం సాహిత్య విద్యార్థికి తట్టవు. అది అచ్చుపనివాడి వ్యవహారమనీ, బోర్డులు రాసేవాడి గొడవ అనీ వదిలేస్తాడు. చేతిపనిని చరిత్ర బయట నిలబెట్టే అలవాటు మనకు అంతగా జీర్ణించుకుపోయింది.

ఈనాడు కంప్యూటరు ముందు కూర్చున్న పదిహేనేళ్ళ కుర్రవాడు ఒక వలయం గీసి, దాని అంచు మీద మౌసు నొక్కి, ఒక పేరు టైపు చేస్తే అక్షరాలు ఆ అంచు వెంట వాటంతటవే తిరిగి కూర్చుంటాయి. ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ మొదలైన బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు అన్నింటిలోనూ ఈ సదుపాయం ఉంది. క్షణంలో అయిపోయే ఈ పని వెనుక వందల ఏళ్ళ పనితనం ఉంది. ఆ పనితనంలో ఎంత భాగం యంత్రంలోకి చేరింది? ఎంత భాగం చేరకుండా దారిలోనే జారిపోయింది? జారిపోయినదాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఇదే.

నాణెం అంచు

వంపు మీద అక్షరాలు పేర్చడం మన నేలకు కొత్త విద్య కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో శాతవాహన రాజులు వేయించిన వెండి నాణేలు చూడండి. మధ్యలో రాజు తల, దాని చుట్టూ అంచు వెంట బ్రాహ్మీ అక్షరాలు. ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ఒక దేశభాష. ఆ దేశభాష తమిళమని కొందరూ, తొలినాటి తెలుగు ఛాయలు అందులో ఉన్నాయని కొందరూ వాదిస్తారు. ఆ వాదం ఇక్కడ మనకు అవసరం లేదు. మనకు కావలసింది ఆ నాణెపు అచ్చు చెక్కిన పనివాడు చేసిన పని.

అతడికి దొరికిన స్థలం వేలిగోరంత. అంతలోనే రాజు పేరు, బిరుదు, తల్లి గోత్రం తెలిపే పేరు అన్నీ పట్టాలి. పైగా నాణెం మీద అక్షరం సరిగా పడాలంటే అచ్చులో తిరగేసి చెక్కాలి. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా అతడు ఒక నియమం పాటించాడు. అక్షరం వంపు వెంట తిరిగినప్పుడు దాని స్వరచిహ్నం కూడా దానితోపాటే తిరిగింది. అక్షరమూ, దాన్ని అంటిపెట్టుకున్న గుర్తూ విడదీయరాని ఒకే వస్తువన్న సంగతి ఆ అనామక శిల్పికి తెలుసు. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. పద్ధెనిమిది వందల ఏళ్ళ తరువాత ఒక యంత్రం ఈ నియమం దగ్గరే తప్పటడుగు వేసింది.

ఇక్కడ మరో విషయం కూడా గమనార్హం. వలయంలో పేరు రాయించుకోవడం రాచరికపు లక్షణం. నహపానుడి వెండి నాణేల మీద గ్రీకు, బ్రాహ్మి, ఖరోష్ఠి అనే మూడు లిపులు అంచు వెంట నడిచాయి. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుణ్ణి ఓడించాక అవే నాణేల మీద తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబి దగ్గర బయటపడిన సుమారు 13 వేల నాణేల రాశిలో మూడింట రెండు వంతుల దాకా ఇలా తిరిగి ముద్ర పడినవే. అంచు మీద ఎవరి పేరుంటే అధికారం వారిది. నేటి తహసీల్దారు కార్యాలయపు గుండ్రటి రబ్బరు స్టాంపు దాకా ఈ సంప్రదాయం తెగకుండా వచ్చింది. కాగితం మీద ఎన్ని తిన్నని పంక్తులు రాసుకున్నా, చివర ఆ వంపు పంక్తి పడితే తప్ప సామాన్యుడి పని జరగదు.

సీసపు అక్షరం

వంపు పంక్తిని వెనక్కు నెట్టింది లోహపు అచ్చు. 1746-47 సంవత్సరాల్లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన నాటినుంచి, ఇరవయ్యో శతాబ్దం చివరిలో సీసపు టైపు మూలపడేదాకా మన అచ్చు అక్షరం ఒక దీర్ఘచతురస్రపు లోహపు కడ్డీ కొసన కూర్చుంది. కడ్డీ పక్కన కడ్డీ, వరుస మీద వరుస, అన్నిటినీ బిగించే ఇనుపచట్రం. అంతా లంబకోణాల లోకం. ఎక్కడ సందు మిగిలినా చట్రం ఎత్తగానే అక్షరాలు నేలపాలవుతాయి. కాబట్టి తిన్నని పంక్తి అప్పట్లో ఒక సౌందర్య సూత్రం కాదు. అది బిగింపు సూత్రం, అంటే ఒక భౌతిక అవసరం.

అయినా వంపు కావాలన్న కోరిక చావలేదు. 19వ శతాబ్దపు యూరపు, అమెరికా ముద్రణాలయాల్లో కంపోజిటర్లు పలచని లోహపు పట్టీలను విల్లులా వంచి, వాటి మధ్య అక్షరాలు పేర్చి, చుట్టూ మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి గట్టిపరిచేవారు. ఒక్క దుకాణం పేరును కమానులా వంచడానికి గంటల తరబడి శ్రమ. తెలుగు కంపోజిటరు పరిస్థితి ఇంకా కష్టం. గుణింతాలు, ఒత్తులు కలిసి అతని ముందున్న కేసుల్లో వందల అచ్చులుండేవి. అంత సరంజామాతో పంక్తిని వంచడం అయ్యే పని కాదు. అందువల్ల పత్రికకు వంపు శీర్షిక కావలసివస్తే ఆర్టిస్టు చేత రాయించి, బ్లాకు చేయించి, ఆ బ్లాకును టైపు మధ్య బిగించడమే దారి అయింది. అంటే వంపు మళ్ళీ చేతికే దక్కింది.

చేతికి దన్నుగా నిలిచిన సాధనం లితో రాయి. 1790 దశకం చివర జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన ఆ పద్ధతిలో రాతి మీద ఎలా రాస్తే అలా పడుతుంది. చట్రం లేదు, లంబకోణం లేదు. అగ్గిపెట్టె చీటీలు, పటాలు, తరువాతి కాలంలో సినిమా పోస్టర్లు ఈ స్వేచ్ఛలోంచి పుట్టినవే. భూగోళ పటాలు గీసేవాళ్ళు నది పేరును నది వంపు వెంటే రాసేవారు. స్విట్జర్లండ్‌కు చెందిన పటనిర్మాత ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ 1962లో పటం మీద పేర్లు ఎలా అమర్చాలో సూత్రీకరించి ఒక వ్యాసమే రాశాడు. పేరు ఏ వస్తువుకు చెందినదో చూడగానే తెలియాలన్నది ఆయన చెప్పిన వాటిలో ముఖ్యమైనది. వంపు అలంకారం మాత్రమే కాదనీ, అది అర్థాన్ని మోసే సాధనమనీ దీనివల్ల తెలుస్తుంది.

కుంచె పట్టిన చేయి

మన ఊళ్ళలో ఈ విద్యను బతికించినవాడు బోర్డు ఆర్టిస్టు. సినిమా పోస్టరు రంగంలో ఈశ్వర్ వంటివారికి పేరు దక్కింది. 1967లో వచ్చిన 'సాక్షి' చిత్రంతో ఆయన పోస్టర్ల పని మొదలుపెట్టాడు. పేరు దక్కనివాళ్ళు పట్టణానికి పదిమంది. కిరాణా కొట్టు బోర్డు, లారీ నుదుటి మీద పేరు, కార్మిక సంఘం గుడ్డ బ్యానరు, పెళ్ళిపందిరి ముందు తోరణం మీద 'స్వాగతం', అన్నీ వాళ్ళ చేతి మీదుగా నడిచాయి.

వాళ్ళ పద్ధతిని పరిశీలిస్తే అందులో ఎంత లెక్క ఉందో అర్థమవుతుంది. ఒకచోట మేకు కొట్టి, దారం కట్టి, దారం కొసన సుద్దముక్కతో వంపు గీస్తారు. పేరులో అక్షరాలెన్నో లెక్కించి నడిమి అక్షరాన్ని నడినెత్తిన నిలబెడతారు. అక్కడినుంచి రెండు పక్కలకూ దిగుతారు. ఏ అక్షరానికి ఒత్తు ఉందో ముందే చూసుకుని దాని పక్కన కాస్త చోటు వదులుతారు. రెండు ఒత్తులు పక్కపక్కన పడి ఢీకొంటాయనిపిస్తే ఒకదాన్ని చిన్నది చేస్తారు, లేదా కుడివైపుకు జరుపుతారు. ఇది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చిన విద్య కాదు. గురువు కుంచె పట్టుకుని నిచ్చెన మీద నిలబడితే కింద రంగు డబ్బా పట్టుకున్న శిష్యుడు చూసి నేర్చిన విద్య.

ఇందులో ఉన్న రేఖాగణితాన్ని ఒక్కసారి లెక్కకట్టి చూద్దాం. కమాను వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకుందాం. అక్షరాలు దానిమీద నిలబడ్డాయి. ఒత్తులు ఆ గీతకు 2 సెంటీమీటర్లు కిందికి దిగాయి. అంటే ఒత్తుల కొసలు 8 సెంటీమీటర్ల వ్యాసార్ధం మీద ఉన్నాయి. గీత మీద ఉన్న చోటులో ఐదో వంతు అక్కడ తగ్గిపోయింది. అదే సమయంలో అక్షరాల తలలు 3 సెంటీమీటర్లు పైకి లేస్తే అక్కడ చోటు పదింట మూడు వంతులు పెరుగుతుంది. పైన తలకట్లు విడిపోతుంటాయి, కింద ఒత్తులు ఒకదానినొకటి తొక్కుకుంటుంటాయి. రోమను లిపిలో గీత కిందికి దిగే అక్షరాలు కొన్నే. ఆ దిగేది కూడా కొంచెమే. తెలుగులో గీత కింద మరో అంతస్తే ఉంది. కాబట్టి వంపు మీద తెలుగు రాయడం రోమను రాసినంత సులువు కాదు. మన ఆర్టిస్టుకు ఈ భిన్నాల లెక్క తెలియకపోవచ్చు. కాని దాని ఫలితం అతని మణికట్టుకు తెలుసు.

కార్ల కర్మాగారం నుంచి తెరమీదికి

కంప్యూటరులోని వంపు కార్ల కర్మాగారంలో పుట్టింది. కారు పైరేకును వంపులు తిప్పడానికి కచ్చితమైన గణితం కావలసివచ్చి, ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జౌ 1959లోనూ, రెనో కంపెనీలో పియెర్ బెజియె 1960 దశకంలోనూ విడివిడిగా ఒకే రకమైన వంపుల గణితాన్ని రూపొందించారు. సిట్రోయెన్ తన ఉద్యోగి పనిని ఏళ్ళ తరబడి రహస్యంగా దాచింది. బెజియె తన పనిని ప్రకటించగలిగాడు. అందుచేత ఆ వంపులకు బెజియె పేరే స్థిరపడింది. శ్రమ ఫలం కంపెనీ సొత్తుగా మారినప్పుడు పనిచేసినవాడి పేరు ఎలా మరుగున పడుతుందో చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

1982లో అమెరికాలో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయం నుంచి బయటికి వచ్చి అడోబ్ సంస్థను స్థాపించారు. పుటను వర్ణించడానికి వాళ్ళు తయారుచేసిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే కంప్యూటరు భాష 1984లో వెలువడింది. ఆ భాషను నేర్పడానికి 1985లో అచ్చయిన నీలం అట్ట పుస్తకంలో రెండు ప్రోగ్రాములున్నాయి. ఒకటి వృత్తం చుట్టూ అక్షరాలు పేర్చేది, రెండోది ఎటువంటి గీత వెంటనైనా పేర్చేది. 1987లో వచ్చిన ఇలస్ట్రేటరు, 1989లో వచ్చిన కోరల్‌డ్రా వంశాలకు చెందిన సాఫ్ట్‌వేర్లలో ఆ పని క్రమంగా ఒక మీటగా మారింది. 2001లో ఎస్.వి.జి. అనే బొమ్మల ప్రమాణం కూడా దీన్ని తనలో చేర్చుకుంది.

యంత్రం చేసే పని ఇది. మొదట వంపును అనేక చిన్నచిన్న తిన్నని ముక్కలుగా విడగొడుతుంది. ఎందుకంటే అటువంటి వంపు పొడవును సాధారణంగా ఒక్క సూత్రంతో కొలవడం సాధ్యం కాదు. ఆ ముక్కల పొడవులు కూడుకుంటూ పోతుంది. తరువాత మొదటి అక్షరం వెడల్పు ఎంతో ఫాంటును అడుగుతుంది. ఆ వెడల్పు సగానికి వచ్చే బిందువు వంపు మీద ఎక్కడుందో చూసి, అక్కడ వంపు ఏ దిక్కుకు వాలిందో ఆ దిక్కుకు అక్షరాన్ని తిప్పి నిలబెడుతుంది. ఆ వెడల్పు మేర ముందుకు జరిగి రెండో అక్షరం దగ్గరికి పోతుంది. నిజానికి ఎంతో తెలివైన, పొదుపైన పద్ధతి. అయితే ఈ పద్ధతి ఒక ఊహ మీద ఆధారపడింది. అక్షరమంటే ఒక వెడల్పు ఉన్న పెట్టె, ఒక సంకేతానికి ఒక పెట్టె అన్నదే ఆ ఊహ. ఇది సీసపు కడ్డీ నుంచి సంక్రమించిన ఊహ. రోమను లిపికి అది సరిపోయింది. సాధనాన్ని తయారుచేసినవాళ్ళ లిపి కూడా అదే.

మన అక్షరం ముక్కలైన తీరు

1990 దశకంలో డి.టి.పి. మన పట్టణాలకు వచ్చినప్పుడు ఫాంట్లకు 256 గదులే ఉండేవి. అన్ని గుణింతాలు, సంయుక్తాక్షరాలు వాటిలో పట్టవు. అందుకని ఫాంటు తయారీదార్లు అక్షరాన్ని విడగొట్టారు. అక్షరపు ఒడలు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు మరో గదిలో పెట్టారు. తిన్నని పంక్తిలో ఈ ముక్కలు పక్కపక్కన చేరి కంటికి ఒకే అక్షరంగా కనిపించాయి. సీసపు టైపు కూడా ఇటువంటి విద్యే ప్రదర్శించింది కనుక ఎవరికీ అభ్యంతరం కలగలేదు. పంక్తి వంగినప్పుడే అసలు సంగతి బయటపడింది. యంత్రానికి ప్రతి ముక్కా ఒక అక్షరమే. అందువల్ల ఒడలిని ఒక కోణంలో, ఒత్తును మరో కోణంలో తిప్పింది. ఏది దేనికి చెందినదో దానికి తెలియదు.

మా బడి వార్షికోత్సవానికి గేటు మీద కట్టిన ఫ్లెక్సీలో ఒకసారి ఇదే జరిగింది. కమాను మీద 'స్వాగతం' అని ఉంది. 'సా' కింద ఉండవలసిన వ ఒత్తు పక్కకు ఒరిగి 'గ' కిందికి చేరింది. పదో తరగతి పిల్లవాడొకడు "ఆ ఒత్తు ఎవరిది సార్?" అని అడిగాడు. తెలుగు పంతులుగా నేను ఒత్తుల గురించి చెప్పిన పాఠాలన్నిటికంటె ఆ ప్రశ్న పదునైనది. దుకాణం కుర్రవాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. రోజుకు ఇన్ని ఫ్లెక్సీలు దించితేనే అతని జీతం గిడుతుంది. ఒత్తును విడిగా పట్టుకుని సరిచేసే తీరిక అతనికి ఎవరిచ్చారు?

ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. దేవనాగరి అక్షరాలను కలిపే తలగీత వంపు మీద ముక్కముక్కలుగా విరుగుతుంది. ఉర్దూ, అరబ్బీ రాతల్లో అక్షరాలు చేతులు పట్టుకుని నడుస్తాయి. ఒక్కొక్కదాన్ని విడిగా తిప్పితే ఆ చేతులు విడిపోతాయి. అంటే ప్రపంచంలో కోట్లాది ప్రజల లిపులు ఈ సాధనం ఊహకు బయట ఉండిపోయాయి.

తరువాత పరిస్థితి మారలేదా అంటే మారింది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. అందులో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు సంకేతాల వరుస. ఆ ఆరింటినీ కలిపి ముందు ఒక పూర్తి అక్షరాన్ని కట్టి, ఆ తరువాతే దాన్ని పుటమీద పెట్టాలన్న పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ పద్ధతిని వంపుకు కూడా వర్తింపజేస్తే ఒడలు, గుడి, ఒత్తు ఒకే గుత్తిగా తిరుగుతాయి. నాణెపు శిల్పి పాటించిన నియమం ఇదే కదా! కాని ఎంత ఆలస్యంగా! పుటలు కూర్చే అడోబ్ ఇన్‌డిజైనులో తెలుగు అక్షరాలను సరిగా కట్టే ఏర్పాటు 2012లో వచ్చిన కూర్పులో గాని చేరలేదు. పోస్ట్‌స్క్రిప్ట్ పుట్టిన ఇరవై ఎనిమిదేళ్ళకన్న మాట. ఆ లోపల మన దుకాణాలు పాత ఫాంట్లకు అలవాటుపడ్డాయి. చాలా దుకాణాలు ఆ అలవాటు నుంచి ఇంకా బయటపడలేదు.

జారిపోయిన భాగం

ఇంతకూ అక్షరం గుత్తిగా తిరిగినంత మాత్రాన సమస్య తీరిందా? తీరలేదు. గుత్తి విడిపోకుండా నిలిచింది, అంతే. కింద ఐదో వంతు చోటు తగ్గిందన్న లెక్క, ఒత్తున్న అక్షరం పక్కన కాస్త సందు వదలాలన్న వివేకం, రెండు ఒత్తులు ఢీకొన్నప్పుడు ఒకదాన్ని తగ్గించాలన్న నేర్పు, ఇవేవీ ఆ మీటలో లేవు. యంత్రం అక్షరం వెడల్పును గీత మీద కొలుస్తుంది. ఆర్టిస్టు ఆ కొలతను గీత కింద, గీత మీద, గీత పైన మూడుచోట్లా వేస్తాడు. ఈ తేడాయే మనం వెతుకుతున్న జారిపోయిన భాగం.

అది ఎందుకు జారిపోయింది? రోమను అక్షరం రాసే చేతిపనివారి అనుభవం సాధనం తయారైన చోటికి దగ్గరలోనే ఉంది. వార్నాక్ భార్య మార్వా స్వయంగా గ్రాఫిక్ డిజైనరు. అడోబ్ తొలి చిహ్నం గీసింది ఆమే. తెలుగు అక్షరం వంచే చేయి మాత్రం సముద్రాలకు ఇవతల, నిచ్చెన మీద ఉంది. ఆ చేతిని ఎవరూ ఏమీ అడగలేదు. 2000 తరువాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి ఆ చేతిలోని కుంచెను లాగేశాయి. ఒక పనివాడి నేర్పును యంత్రంలోకి తీసుకుని అతణ్ణి పక్కకు నెట్టడం పెట్టుబడి ఎక్కడైనా చేసే పనే. ఇక్కడ నేర్పును తీసుకోకుండానే నెట్టేసింది. పనివాడికి పని పోయింది, అక్షరానికి అందం పోయింది. లాభం ఫ్లెక్సీ చదరపు అడుగుల లెక్కలో మిగిలింది.

ఇలా అన్నంత మాత్రాన నేను యంత్రాన్ని తిట్టి పాతరోజుల్ని పొగుడుతున్నానని పాఠకులు అనుకోకూడదు. ఒకప్పుడు వలయంలో పేరు రాయించుకోగలిగింది రాజు. ఆ తరువాత ఆర్టిస్టుకు, బ్లాకుకు డబ్బు పెట్టగలవాడు. ఇవాళ ఒక పల్లెటూరి బీడీ కార్మికుల సంఘం తన పేరును తన జెండా చిహ్నం చుట్టూ తానే పేర్చుకోగలదు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాధనాలు స్వచ్ఛంద కార్యకర్తల సమష్టి శ్రమతో తయారవుతున్నాయి. వాటి లోపలి రాత అందరికీ తెరిచి ఉంది. ఇది చిన్న విజయం కాదు. నిచ్చెన మీది పనిలో కులాల గోడలూ, గురువుల కరకుదనమూ లేవని కూడా ఎవరూ అనలేరు.

ప్రశ్న యంత్రం ఉండాలా వద్దా అన్నది కాదు. యంత్రంలోకి ఎవరి జ్ఞానం ఎక్కాలి అన్నది ప్రశ్న. వంపు మీద తెలుగు రాయడం తెలిసిన చేతులు మన ఊళ్ళలో ఇంకా కొన్ని ఉన్నాయి. కొందరు గోడలకు సున్నాలు వేస్తున్నారు, కొందరు ఆటోలు తోలుతున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఏ ఒత్తు పక్కన ఎంత సందు వదులుతారో, ఏ అక్షరాన్ని ఎంత వాలుస్తారో కొలిచి రాసుకోవడం భాషాసేవే. మాండలిక పదాలు సేకరించినంత శ్రద్ధతో ఈ పని జరగాలి. ఫాంట్లు తయారుచేసే మన యువకులు ఆ కొలతలను అక్షరంలోపలే చేర్చాలి. తెలుగు ఉపాధ్యాయులు ఒత్తును నల్లబల్ల మీద నేర్పినట్టే తెర మీద కూడా నేర్పాలి. అచ్చులో అక్షరం తప్పు పడితే సహించని మన రచయితలు, తమ సభల బ్యానర్ల మీద ఒత్తు ఊడిపోతే మాత్రం చూసీచూడనట్టు పోతున్నారు. ముందు ఆ అలవాటు మానాలి. అక్షరాన్ని తిరిగి కట్టే పని అక్కడి నుంచే మొదలవుతుంది.